ట్రెమోలో పెడల్ ఏది తీసుకోవాలె? (స్క్వైర్ స్ట్రాట్ + కటానా 50, చర్చి టీం వాడకానికి)

ఓరుగల్లు_స్ట్రాట్
అన్నలకు, అక్కలకు నమస్తే. ట్రెమోలో పెడల్ (గిటార్ వాల్యూమ్‌ను పైకీ కిందికీ ఊపే డబ్బా) ఒకటి చూస్తున్న. సామాను ఇది: స్క్వైర్ స్ట్రాట్ (మూడు సింగిల్ కాయిల్స్), ట్యూబ్ స్క్రీమర్ రకం ఓవర్‌డ్రైవ్ (సౌండ్‌ను గరుకు చేసేది), డిజిటల్ డిలే (ప్రతిధ్వని పెడల్), బాస్ కటానా-50 మార్క్ 2 ఆంప్. ఆంప్ ముందర మైకు పెట్టి మిక్సర్‌కు ఇస్తరు. మిక్సర్ మోనో. హన్మకొండ దిక్కు చర్చిల ఆదివారం ఆరాధన, సీజన్‌ల పెండ్లి ఆర్కెస్ట్రా. నెమ్మది పాటలు 68 నుంచి 76 బీపీఎం (నిమిషానికి బీట్లు), జానపదం బాణీలవి 6/8ల నడుస్తయి. డ్రమ్మర్ చెవిల క్లిక్ (తాళం చెప్పే మెట్రోనోమ్ సౌండ్) పెట్టుకుంటడు.

బాస్ టీఆర్-2 తీసుకోవాల్నా, బెహ్రింగర్ యూటీ300 సరిపోతదా? ట్యాప్ టెంపో (కాలితో తొక్కి వేగం పెట్టుడు) లేకుంటే నడువదా? ఆప్టికల్, హార్మోనిక్ అంటున్నరు, చెవికి తేడా ఏముంటది? బోర్డు మీద ఏడ పెట్టాలె?

కాజీపేట_జంక్షన్
తమ్మీ, పైసలు తీసేముందు నీ ఆంప్‌ల ఉన్న ట్రెమోలో వాడి చూడు. కటానాను యూఎస్‌బీ కేబుల్‌తోని ల్యాప్‌టాప్‌కు కలిపి టోన్ స్టూడియో (ఆ ఆంప్ సాఫ్ట్‌వేర్) తెరువు. మాడ్‌ల గానీ ఎఫ్ఎక్స్‌ల గానీ ట్రెమోలో దొరుకుతది. వేవ్ షేప్ (ఊగుడు ఆకారం), రేట్ (వేగం), డెప్త్ (లోతు), లెవెల్ అన్నీ ఉంటయి. మీ పాటలు నాలుగు పెట్టుకుని వాయించి, ఏ పాటకు డెప్త్ ఎంత కావాల్సొచ్చిందో, వేవ్ ఎటుదిక్కు తిప్పినవో కాయితం మీద రాయి.

ఆ కాయితమే నీకు పెడల్ పేరు చెప్తది. డెప్త్ సగం దాటకుండ, వేవ్ మెత్తగ ఉంటే మామూలు మూడు నాబుల పెడల్ చాలు. డెప్త్ నిండా తిప్పి కత్తిరించినట్టు వినపడాలె అనుకుంటే లెక్క వేరే. ఇక్కడ చానామంది బ్రాండ్ అడుగుతరు గానీ డెప్త్ ఎంత పెడ్తరో ఎవ్వరు చెప్పరు. ముందుగాల అదే చెప్పాలె.

మెట్రోనోమ్_అక్క
జంక్షన్ గారి మాటకు ఇంకొంచెం. ట్యాప్ టెంపో కావాలా వద్దా అన్నది కూడా డెప్త్ మీదే ఆధారపడుతుంది. ట్రెమోలో అంటే వాల్యూమ్ పైకీ కిందికీ ఊగడమే. సగం డెప్త్‌లో, పల్లంలో సిగ్నల్ సగానికి పడుతుంది, అంటే 6 డెసిబెల్స్. ఆ ఊగుడు తాళంతో కలవకపోయినా చెవికి పెద్దగా తగలదు, తీగ మీద మెరుపులా ఉంటుంది. డెప్త్ ముప్పావు దాటితే పల్లం 12 డెసిబెల్స్ కంటే లోతుకు పోతుంది. అప్పుడు మీ గిటార్ ఒక తాళవాద్యమే. డ్రమ్మర్ క్లిక్ మీద ఉండి మీరు వేరే లెక్కలో ఊగితే వినేవాళ్లకు గిటారిస్టు తప్పినట్టే అనిపిస్తుంది.

72 బీపీఎం, 4/4 పాటకు లెక్క: సెకనుకు 1.2 బీట్లు. ఎనిమిదో నోట్లకు రేటు 2.4 హెర్ట్జ్, ట్రిప్లెట్‌కు 3.6, పదహారో నోట్లకు 4.8. ట్యాప్ లేని పెడల్ అయితే ఒక కార్డ్ మోగనిచ్చి పది సెకన్లలో ఎన్ని ఊగులు వచ్చాయో లెక్కపెట్టండి. 24 వస్తే 2.4 హెర్ట్జ్. నాబు పక్కన నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకోండి. మీ పాటలన్నీ 68-76 మధ్యలోనే ఉన్నాయి కాబట్టి రెండు చుక్కలతో చాలామటుకు గడిచిపోతుంది.

6/8 దగ్గరే అందరూ బోల్తా పడతారు. ట్యాప్ ఉన్న పెడల్‌లో కాలితో పెద్ద బీటు, అంటే మూడు ఎనిమిదో నోట్లకు ఒకసారి తొక్కుతారు. డివిజన్ (బీటును ఎన్ని ముక్కలు చేయాలో చెప్పే సెట్టింగ్) మామూలు ఎనిమిదో నోటు మీద ఉంటే పెడల్ ఆ బీటును రెండు ముక్కలు చేస్తుంది. పాట మూడు ముక్కలుగా నడుస్తుంటుంది, మూడు మీద రెండు పడి గలాటా అవుతుంది. 6/8కు పెద్ద బీటు తొక్కి డివిజన్ ట్రిప్లెట్‌కు మార్చాలి. పెద్ద బీటు 72 అయితే తొక్కు తొక్కుకూ మధ్య 833 మిల్లీసెకన్లు, ఊగుకూ ఊగుకూ మధ్య 278.

నిర్మల్_నాబ్
టీఆర్-2, యూటీ300 సంగతి. రెండింటికీ రేట్, వేవ్, డెప్త్ మూడే నాబులు. వేవ్ ఒక దిక్కు తిప్పితే త్రిభుజం, ఇంకో దిక్కు చదరం. రెండింటికీ వాల్యూమ్ నాబ్ లేదు, ట్యాప్ లేదు. సౌండ్ వరకు యూటీ300ను తప్పుపట్టేది పెద్దగ లేదు. డబ్బా ప్లాస్టిక్. ఆర్కెస్ట్రా స్టేజీల మీద అటూ ఇటూ విసిరేసే చోట స్విచ్ తలుపు, బ్యాటరీ మూత ముందు పోతయి. ఒకే చోట స్థిరంగ ఉండే చర్చి బోర్డుకు అయితే నడుస్తది.

జోయో జేఎఫ్-09 సుత చూడు. మెటల్ డబ్బా, రెండే నాబులు: ఇంటెన్సిటీ, రేట్. ఆప్టికల్. వేవ్ మార్చే పని లేదు, మెత్తటి ఊగుడు ఒక్కటే. నీకు కావాల్సింది అదొక్కటే అయితే టీఆర్-2కు పెట్టే పైసలు దండుగ.

టీఆర్-2 మీద అందరి ఫిర్యాదు ఒక్కటే: ఆన్ చేస్తే సౌండ్ తగ్గినట్టు అనిపిస్తది.

ఓరుగల్లు_స్ట్రాట్
నిర్మలన్నా, ఆ తగ్గుడు పెడల్ లోపమా, చెవి భ్రమా? జంక్షనన్నా, కటానాల పెట్టి చూసిన. నెమ్మది పాటలకు డెప్త్ సగం కన్నా కొంచెం తక్కువ, వేవ్ మెత్తగ. 6/8 పాటలు రెండింటికి మాత్రం డెప్త్ బాగ తిప్పాల్సి వచ్చింది. ఇంకోటి, ఆంప్‌ల క్రంచ్ చానల్ (గరుకు సౌండ్‌ది) పెట్టి వాయిస్తే పెడల్ రకం ట్రెమోలో అసలు వినపడదని ఒకాయన అన్నడు. నిజమేనా?

సోల్డర్_కరీంనగర్
రెండూ నిజాలే.

వాల్యూమ్ తగ్గుడు లెక్క ప్రకారమే వస్తది. ట్రెమోలో సిగ్నల్‌ను కిందికి గుంజుతది గానీ మామూలు మట్టం కన్నా పైకి లేపదు అనుకో. సైన్ వేవ్, నిండు డెప్త్‌ల సగటు శక్తి 4.3 డెసిబెల్స్ పడిపోతది. సగం డెప్త్‌ల 2.3. నిండు చదరం వేవ్‌ల సగం సేపు మోత, సగం సేపు నిశ్శబ్దం కాబట్టి 3 డెసిబెల్స్. బ్యాండు మధ్యల ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తది. అందుకే వాల్యూమ్ నాబ్ ఉన్న పెడల్ మేలు. వూడూ ల్యాబ్ ట్రెమోలోకు స్పీడ్, ఇంటెన్సిటీ, స్లోప్‌తో పాటు వాల్యూమ్ ఉంటది. వాల్రస్ మాన్యుమెంట్‌కు సుత ఉంటది. టీఆర్-2నే కొంటే దాని తర్వాత చిన్న క్లీన్ బూస్ట్ (సౌండ్ పెంచే పెడల్) 3-4 డెసిబెల్స్ మీద పెట్టి రెండింటినీ కలిపి తొక్కుడే.

ఇగ క్రంచ్ సంగతి. డిస్టార్షన్ అంటేనే సిగ్నల్ తలను నరికి మట్టం సమానం చేసుడు. ట్రెమోలో ముందు, డిస్టార్షన్ వెనక ఉంటే నువ్వు చేసిన ఎత్తుపల్లాలను అది మళ్ల చదును చేస్తది. మిగిలేది వాల్యూమ్ ఊగుడు కాదు, గరుకుదనం ఊగుడు: పైన గరుకు, కింద శుభ్రం. కొన్ని పాటలకు అదీ మంచిగనే ఉంటది, అడిగింది మాత్రం అది కాదు. కటానా-50 మార్క్ 2 వెనక పవర్ ఆంప్ ఇన్ ఉన్నది గానీ సెండ్ లేదు, అంటే ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ గరుకు చేసే ప్రీఆంప్ తర్వాత పెడళ్లు కలిపే దారి) లేదు. కాబట్టి ఆంప్‌ను క్లీన్ చానల్ మీద పెట్టి, గరుకు ఓవర్‌డ్రైవ్ పెడల్‌తోనే తెచ్చుకో. వరుస: గిటార్, ఓవర్‌డ్రైవ్, ట్రెమోలో, డిలే, ఆంప్. క్రంచ్ చానలే కావాలంటే ఆంప్ లోపలి ట్రెమోలోను టోన్ స్టూడియో చెయిన్‌ల ప్రీఆంప్ తర్వాతకు జరుపుకో.

మిక్సర్ కాడ ఇంకో దొంగ ఉంటడు. గిటార్ చానల్ మీద కంప్రెసర్ (సౌండ్ ఎత్తుపల్లాలను సమానం చేసేది) వేసి ఉంటే అది పల్లాలను పైకి లేపి ట్రెమోలోను మింగుతది. ఆపరేటర్‌ను అడిగి అది తీపిచ్చెయ్.

మెట్రోనోమ్_అక్క
డిలే ముందా వెనకా అన్నది మీకు బాగా పనికొచ్చే ప్రశ్న. ట్రెమోలో ముందుంటే ఊగిన సిగ్నల్ డిలేలోకి పోయి, దాని ప్రతిధ్వనులు అసలు నోటులోని పల్లాలను పూడ్చేస్తాయి. డిలే టైమ్ ట్రెమోలో లెక్కకు సరిగ్గా కలిస్తే ప్రతిధ్వనులు ఎత్తుల మీద పడతాయి, బాగుంటుంది. కలవకపోతే అంతా గంజిలా కలిసిపోతుంది. ట్రెమోలో డిలే తర్వాత ఉంటే మొత్తం ఒకే ఊపులో ఊగుతుంది. డ్రమ్మర్ ఉన్న టీముకు అదే శుభ్రం. పాత ఫెండర్ బ్లాక్‌ఫేస్ రివర్బ్ ఆంపుల్లోనూ రివర్బ్ కలిసిన తర్వాతే ట్రెమోలో వచ్చేది. కరీంనగర్ గారూ, మీ వరుసలో డిలే, ట్రెమోలో తారుమారు చేస్తాను, ఏమనుకోకండి.

సోల్డర్_కరీంనగర్
ఏమనుకునేది ఏముందక్కా. లోతు డెప్త్‌కు మీ వరుసే కరెక్ట్. సగం డెప్త్‌కు ఎటు పెట్టినా మునిగేదేం లేదు.

జగిత్యాల_జాజ్
రకాల గురించి ఎవరూ చెప్పలేదు, నేను అందుకుంటున్న.

ఆప్టికల్: డబ్బా లోపల చిన్న బల్బు గానీ ఎల్ఈడీ గానీ వెలిగి ఆరుతది. ఎదురుగ ఎల్డీఆర్, అంటే వెలుతురుకు రెసిస్టెన్స్ మారే ముక్క. ఫెండర్ బ్లాక్‌ఫేస్ ఆంపులల్ల నియాన్ బల్బు, ఎల్డీఆర్ జత ఇదే పని చేసేది. ఎల్డీఆర్‌కు బద్ధకం ఎక్కువ. మన దగ్గర అగ్గువకు దొరికే జీఎల్5528కు డేటాషీట్‌ల పెరుగుడుకు 20, పడిపోవుడుకు 30 మిల్లీసెకన్లని ఉంటది. ఆ బద్ధకమే దాని అందం, అంచులన్నీ గుండ్రంగైతయి.

బయాస్: ట్యూబ్ ఆంపులల్ల పవర్ ట్యూబ్ బయాస్‌నే (దానికి ఇచ్చే స్థిర వోల్టేజీని) ఊపుతరు. గట్టిగ వాయిస్తే ఊగుడు పల్చబడ్తది, మెత్తగ వాయిస్తే లోతైతది. పెడళ్లు దీన్ని అనుకరిస్తయి, అంతే.

హార్మోనిక్: 1960ల మొదట్ల ఫెండర్ బ్రౌన్‌ఫేస్ ఆంపుల కాడ మొదలైంది. సిగ్నల్‌ను బేస్, ట్రెబుల్‌గ చీల్చి ఒకటి లేస్తుంటే ఇంకోటి పడేటట్టు ఊపుతరు. పూర్తి నిశ్శబ్దం ఎప్పుడూ రాదు, కొంచెం ఫేజర్ లెక్క తిరుగుతది. ఒక్కడివే వాయించేటప్పుడు అద్భుతం. కీబోర్డ్ ప్యాడ్ పక్కన పడితే మాత్రం ఊగుడు కలిసిపోయి ఎవ్వరికి వినపడదు, చర్చి టీంల కీబోర్డ్ లేని రోజు ఉండదాయె. అందుకని హార్మోనిక్ కోసమని ఎక్కువ పైసలు పెట్టకు. మాన్యుమెంట్, స్ట్రైమన్ ఫ్లింట్ లాంటి వాటిల అది ఎట్లాగూ ఒక మోడ్‌గ వస్తది.

డిజిటల్, వీసీఏ (వోల్టేజీతోని వాల్యూమ్ మార్చే సర్క్యూట్): చదరం వేవ్ కత్తిరింపు కావాలంటే ఇవే.

నా మట్టుకైతే నెమ్మది ఆరాధన పాటలకు ఆప్టికల్‌ను మించింది లేదు.

మెట్రోనోమ్_అక్క
మీ ఆప్టికల్ ప్రేమతో నాకు పేచీ లేదు కానీ ఆయన 6/8 పాటలు కూడా చెప్పారు. సెకనుకు 10 ఊగుల చదరం వేవ్ అనుకోండి, ఒక ఊగుకు 100 మిల్లీసెకన్లు, అందులో వెలుగు 50, చీకటి 50. చీకటి సగంలో 30 మిల్లీసెకన్లు ఎల్డీఆర్ తేరుకోవడానికే పోతే కత్తిరింపు ఎక్కడ మిగులుతుంది? 3.6 హెర్ట్జ్ దగ్గర ఒక ఊగు 278 మిల్లీసెకన్లు కాబట్టి కొంత నయం, అయినా అంచు మొండిగానే ఉంటుంది.

జగిత్యాల_జాజ్
ఒప్పుకుంటున్న. కత్తిరింపుకు ఆప్టికల్ వద్దు.

గోదావరిఖని_గ్రౌండ్
పెడల్ ఏదైనా కొనుండ్రి, కరెంటు సంగతి చూసుకోకుంటే మళ్ల ఇక్కడికే వచ్చి 'టిక్ టిక్ వస్తుంది' అని పోస్ట్ పెడ్తరు.

ట్రెమోలో పెడల్ లోపల నెమ్మదిగ ఊగే ఆసిలేటర్ ఉంటది. అది మలుపు తిరిగినప్పుడల్ల కరెంటును ఒక్కసారి గుంజుతది. ఆ గుంజుడు సప్లై తీగలకు ఎక్కి సౌండ్‌ల టిక్కుమంటది. మొదటి పరీక్ష: పెడల్‌ల 9 వోల్టుల బ్యాటరీ వేసి, అడాప్టర్ పీకి వాయించు. టిక్ పోయిందా, తప్పు సప్లైది. ఒకే అడాప్టర్‌కు గొలుసు తీగ వేసి డిజిటల్ డిలేను, ట్రెమోలోను కలిపి నడిపితే ఇది ఎక్కువ. విడి విడి అవుట్‌పుట్‌లున్న ఐసోలేటెడ్ సప్లై పెట్టుకుంటే సగం రోగాలు పోతయి. బ్యాటరీ మీద సుత టిక్ ఉంటే తప్పు పెడల్ లోపల ఉన్నది, అది కరీంనగర్ అన్న పని.

అడాప్టర్: 9 వోల్టులు, డీసీ, రెగ్యులేటెడ్, సెంటర్ నెగటివ్ (పిన్ను మధ్యల మైనస్). చర్చిల స్టేజీ కింద కీబోర్డ్ అడాప్టర్ ఒకటి ఎప్పుడూ పడి ఉంటది. యమహా చిన్న కీబోర్డులకు వచ్చేవి 12 వోల్టులు, సెంటర్ పాజిటివ్. పిన్ను మాత్రం పెడల్‌ల మంచిగనే దూరుతది! అది పెట్టినంక పెడల్ వాసన వస్తే ఎవ్వరేం చెయ్యలేరు. అడాప్టర్ మీద పసుపు టేపు చుట్టి 'పెడల్' అని రాసిపెట్టు. పాత బరువు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు సుత వద్దు, 9 అని రాసి ఉన్నా లోడ్ లేకుంటే 12, 13 చూపిస్తయి, పైనుంచి 100 హెర్ట్జ్ హమ్.

హమ్ ఎక్కడిదో కనిపెట్టడానికి ట్రెమోలోనే మీటర్ లెక్క వాడొచ్చు. ఆన్ చేసి డెప్త్ నిండా తిప్పు, తీగలు ముట్టకు. హమ్ కూడ ఊగుతుందా? అయితే అది పెడల్‌కు ముందునుంచి వస్తున్నది: గిటార్, కేబుల్, ఓవర్‌డ్రైవ్. హమ్ నిలకడగ ఉందా? పెడల్ తర్వాతది: ఆంప్, మైకు, మిక్సర్. స్ట్రాట్ సింగిల్ కాయిల్స్‌కు రెండో పికప్ స్థానం, నాలుగో స్థానం వాడితే చానా వాటిల హమ్ తగ్గుతది. ఫంక్షన్ హాల్ జనరేటర్ మీద, చవక ఇన్వర్టర్ మీద వాయించేటప్పుడు ఎర్త్ పిన్ ఉన్న ప్లగ్ పీకి రెండు పిన్నులది పెట్టే పని మాత్రం చెయ్యకుండ్రి. హమ్ పోవచ్చు, మనిషి సుత పోవచ్చు.

ఓరుగల్లు_స్ట్రాట్
హమ్ పరీక్ష చేసిన, ఊగుతున్నది, అంటే గిటార్ దిక్కే. కరీంనగరన్నా, బ్యాటరీ మీద సుత టిక్ వచ్చే పాత పెడల్‌ను బాగు చేసుకోవచ్చా? సెకండ్‌హ్యాండ్ కొంటే పనికొస్తదని అడుగుతున్న.

సోల్డర్_కరీంనగర్
అనలాగ్ డబ్బా అయితే చేసుకోవచ్చు. మూడు పనులు, ఈ వరుసలనే చెయ్యి.

ముందు తీగలు. రేట్, డెప్త్ నాబులకు పోయే తీగలు ఇన్‌పుట్ జాక్ తీగను ఆనుకుని ఉంటే దూరం జరుపు. ఆడియో తీగ షీల్డెడ్‌ది వెయ్, షీల్డ్‌ను ఒక్క కొసకే గ్రౌండ్ చెయ్. ఉత్తగ ఇంతకే పోయిన టిక్కులు చానా.

తర్వాత ఆసిలేటర్ ఐసీ. అది టీఎల్072 అయితే తీసి టీఎల్062 పెట్టు, కాళ్ల వరుస ఒక్కటే. 072 ఊరికే ఉన్నా రెండు సగాలకు కలిపి 2.8 మిల్లీఆంపులు తింటది, 062కు 0.4 చాలు. గుంజుడు తగ్గితే టిక్ తగ్గుతది. ఆడియో దారిల ఉన్న ఐసీని ముట్టకు, 062కు హిస్ ఎక్కువ.

ఆఖరికి సప్లై ఫిల్టర్. ప్లస్ తీగల 100 ఓమ్‌ల రెసిస్టర్ వరుసగ, దాని తర్వాత గ్రౌండ్‌కు 100 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్. దీని కోత 16 హెర్ట్జ్ కాడ మొదలైతది, ఊగుడును ఆపదు గానీ టిక్ అంచులను మింగుతది. పెడల్ 10 మిల్లీఆంపులు తీస్తే రెసిస్టర్ మీద 1 వోల్టు పోతది, పర్వాలేదు. డిజిటల్ పెడల్‌కు మాత్రం ఇది వెయ్యొద్దు. ఫ్లింట్‌కు 250 మిల్లీఆంపులు కావాలె, 100 ఓమ్‌ల నుంచి అది తీసుడు లెక్కలనే కుదరదు.

సొంతంగ కట్టుకునేటోళ్లకు: ఎల్ఈడీ, ఎల్డీఆర్ ఎదురెదురుగ పెట్టి నల్ల హీట్‌ష్రింక్ వేసి రెండు కొసలు మూసెయ్యాలె. సన్న వెలుతురు దూరినా డెప్త్ తగ్గుతది, ట్యూబ్‌లైట్ కింద అయితే 100 హెర్ట్జ్ బుయ్‌మంటది. స్పీడ్ పాట్ (నాబు కింది తిరిగే రెసిస్టర్) సి కర్వ్, అంటే రివర్స్ లాగ్ తీసుకో. మామూలు లీనియర్ వేస్తే పనికొచ్చే రేట్లన్నీ నాబు చివరి చిన్న ముక్కల ఇరుక్కుంటయి. సామాను హైదరాబాద్ కోఠిల గుజరాతీ గల్లీల దొరుకుతది.

నిర్మల్_నాబ్
సెకండ్‌హ్యాండ్ చూసేటప్పుడు: ప్రతి నాబు తిప్పుతుంటే గరగర రావొద్దు. వస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో పోతది గానీ ధర తగ్గించుకోవడానికి పనికొస్తది (కరీంనగర్ గ్రానైట్ దుమ్ముకు ఎవ్వరి పాట్లు ఆగవు, అన్నకు తెలుసు). బ్యాటరీ డబ్బా తెరిచి పచ్చగ, తెల్లగ పేరుకున్నదేమో చూడు. రేట్ పూర్తిగ తగ్గించి ఒక నిమిషం విను, టిక్ బయటపడేది అక్కడే. పెడల్ ఆపేసి సుత విను, బైపాస్‌ల టిక్ వినపడితే లోపల తీగల రోగం.

ఓరుగల్లు_స్ట్రాట్
అందరికీ థాంక్స్. ఒకాయన స్టీరియో పెడల్ తీసుకొమ్మంటున్నడు, ఎలక్ట్రో హార్మోనిక్స్ పల్సార్. ఎడమ కుడి తిరుగుతదట. రెండు లైన్లు మిక్సర్‌కు ఇవ్వొచ్చా?

కాజీపేట_జంక్షన్
మోనో మిక్సర్‌కు అస్సలు ఇవ్వకు. ప్యాన్ అంటే ఎడమ తగ్గినంత కుడి పెరుగుతది. రెండింటినీ మోనోల కలిపితే ఒకదాని పల్లం ఇంకోదాని ఎత్తుతో నిండి ఊగుడు దాదాపు మాయమైతది. ఒక్క అవుట్‌పుటే ఇస్తే మామూలు ట్రెమోలో లెక్క నడుస్తది. ఆ ఒక్కదానికోసం స్టీరియో ఎందుకు?

నీ కాయితం ప్రకారం నెమ్మది పాటలకు కటానా లోపలిదే చాలు, క్లీన్ మీద దాన్ని ఒక చానల్‌ల సేవ్ చేసుకో. పెడల్ కావాల్సింది ఆ రెండు 6/8 పాటలకే. అక్కడ డెప్త్ ఎక్కువ, క్లిక్ ఉన్నది, అంటే ట్యాప్, ట్రిప్లెట్ డివిజన్ రెండూ కావాలె. టీఆర్-2 ఈ పనికి రాదు. టీసీ ఎలక్ట్రానిక్ పైప్‌లైన్ గానీ, బడ్జెట్ పెరిగితే మాన్యుమెంట్ గానీ చూడు.

మెట్రోనోమ్_అక్క
కొన్నాక ఒక్కటి గుర్తుంచుకోండి. కాలితో తొక్కిన టెంపో క్లిక్‌కు ఒక్క బీపీఎం తేడా ఉన్నా నిమిషానికి ఒక పూర్తి బీటు జారుతుంది, అర నిమిషంలోనే సగం బీటు. ప్రతి చరణం మొదట్లో నాలుగు తొక్కులు మళ్లీ తొక్కండి, డ్రమ్మర్ కిక్ మీద కాలు పెట్టి.

ఓరుగల్లు_స్ట్రాట్
సరే అక్కా. టీఆర్-2 పక్కకు పెట్టిన. పైప్‌లైన్ సెకండ్‌హ్యాండ్ హైదరాబాద్‌ల ఒకటి ఉన్నది, ఆర్టీసీ కార్గోల వేస్తా అంటున్నడు. చూడకుండ తెప్పియ్యాల్నా?

నిర్మల్_నాబ్
వీడియో అడుగు. రేట్ అడుగుకు తగ్గించి, బైపాస్‌ల ఒక నిమిషం, ఆన్‌ల ఒక నిమిషం, ఆ తర్వాత ట్యాప్ స్విచ్ ఇరవై సార్లు తొక్కి చూపియ్యమను. ట్యాప్ స్విచ్ అరిగితే ఒక్కో తొక్కును రెండుగ లెక్కపెడ్తది, రేటు ఒక్కసారి దూకుతది. అట్ల దూకకుంటేనే పైసలు వెయ్.